మోకాలి ఆపరేషన్‌ తర్వాత చీము పట్టింది.. ఆస్పత్రిపై కేసు వేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు, షుగర్ ఉంది. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో రూ.2.80 లక్షలు కట్టి మోకీలు మార్పిడి చేయించాం. ఐదో రోజే కుట్ల దగ్గర నీరు కారింది. కట్టు మార్చి, బిళ్లలిచ్చి పంపేశారు. 24వ రోజు వేరే ఆస్పత్రిలో చీము పరీక్ష చేసి, ఆ తర్వాత పెట్టిన కీలు తీసేశారు. ఇప్పుడు వాకర్ లేనిదే నడవలేదు. థియేటర్‌లో శుభ్రత లేకే ఇలా అయింది. ఆపరేషన్ జరిగి 22 నెలలైంది. మొదటి ఆస్పత్రి ఒరిజినల్ ఫైలు తీసేసుకుని, రూ.75 వేలు ఇస్తాం, సంతకం పెట్టమంటోంది. డాక్టర్‌ను జైలుకు పంపగలమా? - ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: థియేటర్ సంగతి పక్కన పెట్టండి. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. వచ్చినంత మాత్రాన నిర్లక్ష్యమని కోర్టులు అనవు. పైగా షుగర్ వల్లే వచ్చిందని ఆస్పత్రి వాళ్లు మొదటి జవాబులోనే రాస్తారు. మీ కేసు నిలబడేది మధ్యలో పోయిన ఆ 19 రోజుల మీద. లోపల కొత్త కీలు పెట్టిన మనిషికి నీరు కారుతుంటే కల్చర్‌కు (ఏ క్రిమి చేరిందో తేల్చే పరీక్షకు) ఎందుకు పంపలేదు? దీనికి వాళ్లు జవాబు చెప్పి తీరాలి.

మీరు ఫొటో తీసి పంపిన ఓపీ చీటీ మీద డాక్టర్ చేతిరాతతో ‘ఊజింగ్’ (నీరు కారుతోంది) అని, పక్కనే తేదీ ఉన్నాయి. ఆ కాగితమే మీ కేసు. లామినేషన్ చేయించకుండా కవర్లో భద్రపరచండి. ఫోన్‌లో గాయం ఫొటోలుంటే చెరపకండి.

కనీసం జిరాక్సు తీసుకోకుండా ఫైలు మొత్తం ఎలా ఇచ్చేశారండీ? అమ్మ సంతకంతో కేస్‌షీట్ నకళ్లు కోరుతూ ఈరోజే స్పీడ్‌పోస్టులో ఉత్తరం పంపండి. వైద్యమండలి 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. నర్సులు రాసే జ్వరం చార్టు అందులో ఉందో లేదో ముందు చూడండి. ఇవ్వకపోతే ఆ సంగతీ వినియోగదారుల కమిషన్ ముందు పెడదాం.

ఆ రూ.75 వేల కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. ‘ఇకపై ఏ క్లెయిమూ లేదు’ అన్న మాట అందులో ఎక్కడో ఉంటుంది. సంతకం పడ్డాక ఏ వకీలు దగ్గరికెళ్లినా కేసు నిలబెట్టడం కష్టం. బేరాలు నడుస్తున్నాయని గడువు ఆగదు. వినియోగదారుల రక్షణ చట్టం-2019, సెక్షన్ 69 ప్రకారం ఉన్నది రెండేళ్లే. కీలు తీసేసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద అమ్మ కేసును పణంగా పెట్టకండి. ఆపరేషన్ తేదీ నుంచే లెక్కేసుకుని ఈ రెండు నెలల్లో వేసేయండి.

ఇక జైలు. డాక్టర్‌పై క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని జాకబ్ మాథ్యూ కేసులో (2005) సుప్రీంకోర్టు చెప్పింది. మీ కాగితాల్లో అంతటిది కనబడలేదు. స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే ఉన్న గడువు కాస్తా అయిపోతుంది.

హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. అమ్మ పేరున ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. కట్టిన బిల్లు రూ.5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. ఆస్పత్రినీ, డాక్టర్‌నూ ఇద్దరినీ చేర్చండి. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు అన్నా, షుగర్ ఉన్న పేషెంటు విషయంలో దాన్నే నమ్ముకోకండి. కీలు తీసిన రెండో డాక్టర్‌ను ఒక్కటే అడగండి: ఐదో రోజే కల్చర్ చేసి ఉంటే కీలు దక్కేదా? అది రాతపూర్వకంగా కావాలి. ఆయన వెనకాడితే కనీసం అక్కడి కల్చర్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ నకళ్లు ముద్ర వేయించి తెచ్చుకోండి.