స్లో స్పీడు స్క్రూ ముట్టుకోకముందు

ప్రశ్న: మా నాన్నగారి 1978 అంబాసిడర్ మార్క్ 3 పెట్రోలు కారు నా దగ్గర ఉంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతుంటే మెకానిక్ స్లో స్పీడు (బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) పెంచాడు. ఇప్పుడు ఆగడం లేదు గానీ, ఇంజన్ ఆపడానికి తాళం తీశాక కూడా అది నాలుగైదు సార్లు కొట్టుకుంటోంది. అన్నవరం కొండ ఎక్కేటప్పుడు లాగడం లేదు, రేడియేటర్ మరుగుతోంది. ఎస్.యు. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) మార్చేయమంటున్నారు. మార్చమంటారా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దు, ఇప్పుడే మార్చకండి. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే స్పార్కు ఆలస్యంగా పడుతోందని నాకు అనిపిస్తోంది. ఆలస్యంగా అంటుకున్న మంట పిస్టన్‌ను పూర్తిగా తోయకుండానే ఎగ్జాస్ట్ దారి పడుతుంది. అందుకే బండి లాగదు, వేడెక్కుతుంది, స్లో స్పీడులో నిలబడదు. స్లో స్పీడు స్క్రూ బిగించి త్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి మూత) తెరిచి ఉంచితే నిలబడుతుంది గానీ జబ్బు లోపలే ఉంటుంది. తాళం తీసినా కొట్టుకోవడం ఆ తెరిచిన త్రాటిల్‌, కాగిపోయిన సిలిండర్ హెడ్ కలిసి చేస్తున్న పని.

విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు ఈ 1489 సీసీ ఇంజన్లతోనే గడిపాను. ముందు టప్పెట్లు (వాల్వుల దగ్గరి సందు), తర్వాత పాయింట్లు (ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని స్విచ్చు, తెరుచుకున్నప్పుడల్లా స్పార్కు పడుతుంది), ఆ తర్వాత టైమింగు (స్పార్కు పడే సమయం), అన్నిటికంటే చివర కార్బురేటర్. ఈ వరస మార్చవద్దని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి కుర్రాడికీ చెప్పాను. పాయింట్లను తెరిచే ఫైబర్ ముక్క రోజూ కొంచెం అరుగుతుంది, పాయింట్ల మధ్య ఎడం తగ్గుతుంది. ఎడం తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్కు కూడా ఆలస్యమవుతుంది. అంటే ఎవరూ ముట్టుకోకపోయినా టైమింగు దానంతట అదే వెనక్కి జారుతుంది. మీ బండికి జరిగింది చాలావరకు ఇదే అయి ఉంటుంది.

పాయింట్ల మీద గుంట, దిబ్బ పడి ఉంటే కొత్తవి వేయండి, కండెన్సర్ కూడా మార్చండి. ఎడం 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. ఇక టైమింగు. ప్లగ్గులు నాలుగూ విప్పేస్తే ఇంజన్ హ్యాండిల్‌తో తేలికగా తిరుగుతుంది. నాలుగో సిలిండర్ వాల్వుల్లో ఒకటి మూసుకుంటూ రెండోది తెరుచుకుంటూ ఉంటే ఒకటో సిలిండర్ స్పార్కుకు దగ్గరైనట్టు. కారు కిందికి వంగి టైమింగ్ కవర్ చూడండి. అక్కడ మూడు ముళ్లు ఉంటాయి: పొడుగుది పిస్టన్ పూర్తిగా పైనున్న చోటు, మిగతా రెండూ దానికి 5, 10 డిగ్రీల ముందు. మీ బండి పుస్తకం చెప్పిన డిగ్రీకి పుల్లీ మీది గాటును తీసుకురండి. గాటు దాటిపోతే వెనక్కి తిప్పి సరిపెట్టకండి, చైను వదులు లెక్క తప్పిస్తుంది. బాగా వెనక్కి పోయి మళ్లీ ముందుకు రావాలి.

ఇప్పుడు సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం చిన్న ముక్క పాయింట్ల మధ్య పెట్టి రెండు వేళ్లతో సున్నితంగా లాగి పట్టుకోండి. డిస్ట్రిబ్యూటర్‌ను పట్టి ఉంచే క్లాంపు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్‌ను దాని లోపల తిరిగే రోటర్ దిశకు ఎదురుగా మెల్లగా తిప్పండి. కాగితం బిగుసుకుని ఉంటుంది, ఉంటుంది, ఒక్కసారిగా జారి చేతిలోకి వస్తుంది. స్పార్కు పడే క్షణం అదే. అక్కడే క్లాంపు బిగించండి. కాగితం మీద నమ్మకం కుదరకపోతే 12 వోల్టుల బల్బు పెట్టుకోండి, కానీ నా వేళ్లకు కాగితమే నచ్చుతుంది. ఆ పక్కనే ఉన్న వ్యాక్యూమ్ పైపును నోటితో పీల్చి చూడండి, లోపలి ప్లేటు కదలాలి. కదలకపోతే డయాఫ్రం (లోపలి పల్చటి పొర) చిరిగినట్టు.

ఇంజన్ బాగా వేడెక్కాక కార్బురేటర్ దగ్గరకు రండి. దాని పిస్టన్‌ను సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఒక మిల్లీమీటరు కూడా మించకుండా ఎత్తండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, కుంగిపోతే తక్కువ, కాస్త పెరిగి సర్దుకుంటే సరి. కింది జెట్ నట్టును ఒక్కొక్క పలక చొప్పునే తిప్పండి: పైకి పోతే పెట్రోలు తగ్గుతుంది, కిందికి వస్తే పెరుగుతుంది. స్లో స్పీడు స్క్రూ వంతు ఇప్పుడు వస్తుంది. మీరే చూస్తారు, దాన్ని బాగా వెనక్కి తిప్పాల్సి వస్తుంది. డైనమో ఉన్న బండిలో స్లో స్పీడు మీద ఛార్జింగ్ దీపం సన్నగా వెలగడం మామూలే, దాన్ని ఆర్పడానికని స్పీడు పెంచకండి.

చివరగా రోడ్డు మీద టాప్ గేరులో 40 కిలోమీటర్ల వేగం నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. డబ్బాలో గోళీలు కదిలినట్టు సన్నగా వినిపించి ఆగిపోతే పరవాలేదు. ఆగకపోతే డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి వెనక్కి, అంటే రోటర్ తిరిగే దిశలోకి తిప్పండి. కొండకు ఆ తర్వాతే వెళ్లండి.

ప్రశ్న: కారు స్టార్ట్ చేయడానికి హ్యాండిల్ కొడితే ఎదురు తన్ని నా మణికట్టు వాచింది. ఎందుకు?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా డాక్టరుకు చూపించండి, విరగలేదని తేలాలి. మీ బండిది పై జబ్బుకు తిరగబడ్డ రూపం: స్పార్కు మరీ ముందే పడి, పైకి వస్తున్న పిస్టన్‌ను వెనక్కి నెట్టింది. టైమింగు సరిచేయించేదాకా హ్యాండిల్ కొట్టకండి. ఆ తర్వాత కూడా బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే పెట్టి, హ్యాండిల్‌ను కింది నుంచి పైకి లాగండి, పై నుంచి కిందికి నొక్కవద్దు. ఎదురు తన్నినా వేళ్లు తెరుచుకుని చెయ్యి బయటపడుతుంది.