పాచికలతో పాత్రలు నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ప్రతి ఫైట్‌లోనూ నా విజార్డే (మంత్రగాడు) ముందు పడిపోతున్నాడు, ఫైటర్‌కి (యోధుడి పాత్రకి) మారిపోనా?

మారక్కర్లేదు, నిలబడే చోటు మార్చండి. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో మొదటి లెవెల్ విజార్డ్‌కి హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలడో చెప్పే అంకె) 6, ఫైటర్‌కి 10, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) బోనస్ కలిపినా గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి కత్తికి రెండు దెబ్బల్లో మీ పని అయిపోతుంది. ఇరుకు గుమ్మంలో ఫైటర్‌ని నిలబెట్టి, వెనకనుంచి స్లీప్ అనే నిద్ర మంత్రం వేయండి. దాని రేంజ్ 90 అడుగులు, ఐదు ఎనిమిది ముఖాల పాచికలు వేస్తే ఎంత వస్తే అన్ని హిట్ పాయింట్ల మేర నిద్రపోతారు, తక్కువ ఉన్నవాళ్లు ముందు. కాకపోతే దానికి మనవాళ్లు, పరాయివాళ్లు అని తేడా లేదు. పర్లాకిమిడిలో మా మేడ మీద ఆడుతున్నప్పుడు దెబ్బలు తిని 3 పాయింట్లతో ఉన్న మా తమ్ముడి ఫైటరే గోబ్లిన్ల కంటే ముందు గురక పెట్టాడు, వాడు వారం మాట్లాడలేదు! శత్రువు పక్కకొచ్చేస్తే ఊరికే పరుగెత్తకండి, వెనకనుంచి ఒక దెబ్బ ఉచితంగా పడుతుంది. ముందు డిసెంగేజ్ (ఆ దెబ్బ పడకుండా తప్పుకునే చర్య) తీసుకుని కదలండి.