అమెరికా జానపద కథల్లో ఆపిల్ గింజలు చల్లుకుంటూ తిరిగే జానీ ఆపిల్‌సీడ్ నిజంగా ఉన్నాడా, కట్టుకథా?

నిజంగానే ఉన్నాడు, అసలు పేరు జాన్ చాప్‌మన్, 1774లో మసాచుసెట్స్‌లోని లెమిన్‌స్టర్‌లో పుట్టి 1845లో ఇండియానాలోని ఫోర్ట్ వేన్ దగ్గర చనిపోయాడు. కాకపోతే కథల్లో చెప్పినట్టు దారి పొడవునా గింజలు చల్లుకుంటూ పోలేదు. పెన్సిల్వేనియాలో ఆపిల్ రసం తీసే మిల్లుల దగ్గర పిప్పిలోంచి గింజలు ఏరి తెచ్చి, ఒహాయో వాగుల ఒడ్డున నేల బాగుచేసి, కంచె కట్టి నర్సరీలు వేసేవాడు. వలస కుటుంబాలు వచ్చేసరికి మొక్కలు అమ్మకానికి సిద్ధంగా ఉండేవి. ముందుచూపున్న వ్యాపారం!

అంత గిరాకీ ఎందుకంటే, ఆ కొత్త ప్రాంతాల్లో తోట వేశారంటే అక్కడే స్థిరపడతారన్నదానికి అది రుజువు. ఉదాహరణకు ఒహాయో కంపెనీ అనే భూముల సంస్థ కేటాయించిన ఒక ప్రాంతంలో 100 ఎకరాలు ఉచితంగా దక్కాలంటే మూడేళ్లలో కనీసం 50 ఆపిల్ లేదా పియర్ చెట్లు, 20 పీచ్ చెట్లు నాటాలన్న షరతు ఉండేది.

తినడానికి తీపి పళ్లు పంచిపెట్టాడనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మామిడి టెంక నాటితే తల్లిచెట్టు రుచి వస్తుందన్న భరోసా లేనట్టే, గింజ నుంచి మొలిచిన ఆపిల్‌కూ ఆ భరోసా లేదు. చాప్‌మన్‌కేమో అంటు కట్టడం ఇష్టం లేదు. అందుకే ఆయన చెట్ల కాయలు చాలావరకు పుల్లగా, వగరుగా ఉండేవి. సైడర్ అనే పులియబెట్టిన పానీయానికే ఎక్కువగా పోయేవి. ఇక ఆయన నిరుపేద అన్నదీ తప్పే. చెప్పుల్లేకుండా తిరిగిన ఆ మనిషి చనిపోయేనాటికి సుమారు 1200 ఎకరాల ఆసామి.