'నియోప్లాజం' అని రాస్తే క్యాన్సరేనా? గడ్డ పేరు చదవడం ఎలా

అమ్మగారి థైరాయిడ్ గడ్డకి అమీర్‌పేటలో సూది పరీక్ష చేయిస్తే "ఫాలిక్యులర్ నియోప్లాజం, బెథెస్డా 4" అని వచ్చిందని, అది క్యాన్సరేనా అని అడిగారు. (ఫాలిక్యులర్ అంటే థైరాయిడ్‌లోని చిన్న సంచుల్లాంటి భాగాల కణాలకి సంబంధించినది. బెథెస్డా అంటే థైరాయిడ్ సూది పరీక్ష ఫలితాన్ని 1 నుంచి 6 దాకా వర్గాలుగా చెప్పే పద్ధతి.) పేరు చివర 'ఓమా' ఉంటే మామూలు గడ్డే అయితే లింఫోమా క్యాన్సర్ ఎలా అయిందన్నది మీ రెండో ప్రశ్న. రెండోది ముందు చూద్దాం.

గడ్డ పేరులో మొదటి ముక్క అది ఎందులోంచి పుట్టిందో చెప్తుంది, చివరి ముక్క దాని గుణం చెప్తుంది. కొవ్వులో పుట్టిన మామూలు గడ్డ లైపోమా, అదే కొవ్వులో పుట్టిన క్యాన్సర్ లైపోసార్కోమా. ఎముక, కండరం, కొవ్వు, రక్తనాళం లాంటి వాటిలో వచ్చే క్యాన్సర్లు సార్కోమాలు. చర్మం, పేగు లోపలి పొర, గ్రంథులు లాంటి వాటిలో వచ్చేవి కార్సినోమాలు. గ్రంథిలో మామూలుదైతే అడినోమా, క్యాన్సరైతే అడినోకార్సినోమా. అందరూ ఫైబ్రాయిడ్ అనే గర్భసంచి గడ్డే రిపోర్టులో లియోమయోమా. ఆ పేరు చూసి బెంబేలెత్తక్కర్లేదు.

ఈ లెక్క ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. లింఫోమా, మెలనోమా, మీసోథీలియోమా, సెమినోమా, మైలోమా... ఈ ఐదూ క్యాన్సర్లే. ఎందుకని అడక్కండి, పాత అలవాటు కొద్దీ మిగిలిపోయిన పేర్లు, బట్టీ పట్టాల్సిందే. హెమటోమా అసలు ట్యూమరే కాదు, ఒకచోట చేరిన రక్తం. ట్యుబర్క్యులోమా టీబీ గడ్డ, టీబీ మందులతో తగ్గుతుంది. పిల్లల్లో రెటినోబ్లాస్టోమా క్యాన్సరే, ఎముకలో ఆస్టియోబ్లాస్టోమా మాత్రం కాదు. దవడలో వచ్చే అమెలోబ్లాస్టోమా మామూలు గడ్డల జాబితాలోనే ఉన్నా ఎముకని తినేస్తూ పోతుంది, పైపైన గీకి వదిలేస్తే మళ్లీ వస్తుంది. కాబట్టి 'మామూలు గడ్డ' అంటే వదిలేయొచ్చని కాదు.

క్యాన్సర్ రిజిస్ట్రీల్లో వాడే కోడ్‌లో ఈ తికమక తక్కువ. గీత తర్వాత అంకె 0 అయితే మామూలుది, 1 అయితే ఎటూ తేలనిది, 2 అయితే పుట్టిన పొర దాటని క్యాన్సర్, 3 అయితే లోపలికి పాకే క్యాన్సర్. లైపోమా 8850/0, లైపోసార్కోమా 8850/3.

ఇక అమ్మగారి రిపోర్టు. నియోప్లాజం అంటే కొత్తగా పెరిగిన గడ్డ అని మాత్రమే. మంచిదో చెడ్డదో ఆ మాట చెప్పదు. సూది పరీక్ష చేసినవాళ్లు తేల్చకుండా తప్పించుకోలేదు, ఆ పరీక్షలో అది తేలదు. ఫాలిక్యులర్ అడినోమాలో, ఫాలిక్యులర్ కార్సినోమాలో కణాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. గడ్డ చుట్టూ ఉన్న తొడుగుని కణాలు చీల్చుకుని బయటికొచ్చాయా, రక్తనాళంలోకి దూరాయా అన్నదే తేడా. సూదితో వచ్చేది విడి కణాలు, అందులో తొడుగు ఉండదు. అందుకే సాధారణంగా ఆ వైపు సగం థైరాయిడ్ తీసి చూడమంటారు. ఎక్కువమందిలో మామూలు గడ్డగానే తేలుతుంది.

ఆపరేషన్ జరిగితే తీసిన భాగాన్ని థియేటర్‌లో మధ్యకి కోసి చూడొద్దని సర్జన్‌గారిని ముందే అడగండి. కోస్తే తొడుగు అంచులు ముడుచుకుని, చీలిక గడ్డదో కత్తిదో తెలియకుండా పోతుంది. ముక్కకి కనీసం పది రెట్లు 10 శాతం ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రావణం) ఉండాలి, సెలైన్‌లో వేసి పంపితే కణాలు పాడవుతాయి. పాథాలజీ వాళ్లకి పాత సూది పరీక్ష రిపోర్టు తప్పకుండా ఇవ్వండి, సూది దిగిన దారి కూడా ఒక్కోసారి తొడుగు చీలినట్టే కనిపిస్తుంది. చిన్న గడ్డైతే తొడుగు మొత్తం బ్లాకులుగా (మైనంలో పొదిగిన ముక్కలుగా) తీసి చూడాలి. రెండు మూడు ముక్కలు చూసి "చీలిక లేదు" అంటే నాకైతే నమ్మకం కుదరదు.

రిపోర్టులో తొడుగు దాటిందా, రక్తనాళాల్లోకి వెళ్లిందా, తీసిన ముక్క అంచులు క్లియరా అన్న మూడూ విడివిడిగా రాసి ఉండాలి. "ఎన్‌ఐఎఫ్‌టీపీ" అని వస్తే భయపడకండి. తొడుగులోనే ఉండిపోయిన ఆ రకం థైరాయిడ్ గడ్డకి 2016లో పేరులోంచి కార్సినోమా తీసేశారు, పాత రిపోర్టుల్లో మాత్రం క్యాన్సర్ అనే కనిపిస్తుంది.

రెండో అభిప్రాయానికి రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కానీ, పంజాగుట్ట నిమ్స్ కానీ, ఎక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు. స్లైడులతో పాటు మైనం బ్లాకులు కూడా ల్యాబ్‌లో అడిగి తీసుకోండి, బ్లాకు మీద నంబరు, రిపోర్టులో నంబరు ఒకటేనో కాదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. వేసవిలో బ్లాకుల్ని కారులో వదలొద్దు, మైనం కరుగుతుంది.