మీ ప్రశ్నలు, మా జవాబులు: మెదడు కణాల పొర, కొలెస్ట్రాల్, సెరోటోనిన్ రిసెప్టర్

ప్రశ్న: మా నాన్నగారికి స్టెంట్ వేశాక రోజూ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకోమన్నారు. ఈమధ్య వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. మెదడులో సెరోటోనిన్ రిసెప్టర్ పనిచేయాలంటే కొలెస్ట్రాల్ ఉండాల్సిందేనని సైంటిస్టులే తేల్చారట, ఈ మాత్ర వేసుకుంటే డిప్రెషన్ ఖాయమట. అది చూసిన దగ్గర్నుంచి ఆయన మాత్ర మానేస్తానంటున్నారు. ఇందులో నిజమెంత?
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఒక మాట అమ్మా, నాన్నగారిని మాత్ర మాత్రం ఆపనివ్వకండి. స్టెంట్ పడినవాళ్లు స్టాటిన్ సొంతంగా మానేస్తే మళ్లీ గుండెపోటు వచ్చే ముప్పు పెరుగుతుంది, ఇందులో రెండో మాట లేదు.

ఇక వీడియో సంగతి. సెరోటోనిన్ అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం, కణం పొరలో ఉండి ఆ కబురు అందుకునే ప్రోటీనే రిసెప్టర్. మొదటి సగం నిజమే, పైగా ఆ పనిలో చాలా భాగం జరిగింది మన హైదరాబాద్‌లోనే, హబ్సిగూడ దగ్గరున్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో. అక్కడ అమితాభ చటోపాధ్యాయ గారి ల్యాబ్ ఏళ్ల తరబడి సెరోటోనిన్ 1ఏ అనే ఒక్క రిసెప్టర్‌ని పట్టుకుని పనిచేసింది. మూడ్‌కి, ఆందోళనకి సంబంధం ఉన్న రిసెప్టర్ ఇది, ఆందోళనకి ఇచ్చే బస్పిరోన్ మందు పనిచేసేది దీనిమీదే. వాళ్లు ఏం చేశారంటే, పశువుల మెదడులో జ్ఞాపకాలకి సంబంధించిన హిప్పోకాంపస్ అనే భాగం నుంచి కణాల పొరల్ని వేరు చేసి, అందులో మెథిల్ బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ అనే పదార్థం కలిపారు, ఇది ఏడు గ్లూకోజ్ ముక్కలు గుండ్రంగా అతుక్కున్న రింగు, మధ్యలో ఖాళీ ఉంటుంది, పొరలోంచి కొలెస్ట్రాల్‌ని ఆ ఖాళీలోకి లాగేసుకుంటుంది. అలా కొలెస్ట్రాల్ తగ్గేకొద్దీ రిసెప్టర్‌కి మందు అతుక్కోవడం తగ్గిపోయింది, కణం లోపల ఆ కబురు అందుకుని ముందుకు పంపే జీ ప్రోటీన్‌కి అది చేరడం కూడా తగ్గింది. కొలెస్ట్రాల్ తిరిగి కలిపితే మందు అతుక్కోవడం మళ్లీ మొదలైంది. 2004లో వచ్చిన పేపర్ అది. ఆ తర్వాత 2010లో, కల్చర్‌లో పెంచిన కణాలకి స్టాటిన్ ఇచ్చి చూసినా రిసెప్టర్ పని తగ్గింది. వీడియో వాళ్లు బహుశా ఇక్కడే పట్టుకుని ఉంటారు.

కానీ గిన్నెలో పెంచిన కణం వేరు, మనిషి తలలో ఉన్న మెదడు వేరు. మన ఒంటి బరువులో మెదడు 2 శాతమే అయినా ఒంట్లో ఉన్న మొత్తం కొలెస్ట్రాల్‌లో దాదాపు ఐదోవంతు అక్కడే ఉంటుంది, అది దాదాపు మొత్తం మెదడు సొంతంగా తయారుచేసుకున్నదే, రక్తం నుంచి వచ్చింది కాదు. రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసుకెళ్లే ఎల్‌డీఎల్ మెదడు రక్తనాళాల అడ్డుగోడ దాటి లోపలికి పోదు. పెద్దవాళ్ల మెదడులో ఆస్ట్రోసైట్లు అనే కణాలు కొలెస్ట్రాల్ తయారుచేసి ఏపీఓఈ అనే ప్రోటీన్‌కి ఎక్కించి న్యూరాన్లకి పంపుతాయి. రిపోర్టులో ఎల్‌డీఎల్ 160 నుంచి 60కి పడిందంటే మెదడులో కూడా అంతే పడిందని అర్థం కాదండీ, ఈ ఒక్క విషయం నాన్నగారికి నిదానంగా చెప్పండి.

స్టాటిన్లలో కొన్ని, ముఖ్యంగా సిమ్వాస్టాటిన్ లాంటివి, కొంత లోపలికి వెళ్లే మాట నిజమే. అరుదుగా కొందరికి మతిమరుపు లాంటిది రావచ్చనీ, మందు ఆపితే తగ్గుతుందనీ 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లేబుల్ మీద రాయించింది కూడా. కానీ పెద్ద పెద్ద ట్రయల్స్‌లో స్టాటిన్ వల్ల డిప్రెషన్ పెరిగినట్టు కనపడలేదు. ఆయనకి నిజంగా మనసు బాగోకపోతే, నిద్ర పట్టకపోతే డాక్టర్‌కి చెప్పండి, మందు మార్చాలో డోసు మార్చాలో ఆయన చూస్తారు. గుండె జబ్బు వచ్చినవాళ్లకి డిప్రెషన్ రావడం మామూలుగానే ఎక్కువ, అందుకని దాన్ని మాత్ర మీదకి నెట్టేసి వదిలేయకూడదు.

ప్రశ్న: బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. రిసెప్టర్‌కి కావాల్సింది కొలెస్ట్రాల్ అణువేనా, లేక పొర కాస్త బిగువుగా ఉంటే చాలా? దాని లాంటి ఇంకో స్టెరాల్ పెడితే సరిపోదా?
ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు ఒక జబ్బులో దొరుకుతుంది, పేరు స్మిత్ లెమ్లీ ఓపిట్జ్ సిండ్రోమ్. కొలెస్ట్రాల్ తయారీలో చివరి మెట్టు దగ్గర పనిచేసే డీహెచ్‌సీఆర్7 ఎంజైమ్ ఈ పిల్లల్లో సరిగా ఉండదు, దాంతో 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ పేరుకుపోతుంది. కొలెస్ట్రాల్‌కీ దీనికీ తేడా ఒకే ఒక్క డబుల్ బాండ్, అంటే పరమాణువుల మధ్య ఉండే జంట బంధం. సీసీఎంబీ వాళ్లు కొలెస్ట్రాల్ తీసేసిన పొరల్లో ఇదే కలిపి చూశారు. పొర బిగువు తిరిగి వచ్చింది, కానీ రిసెప్టర్‌కి మందు అతుక్కోవడం మాత్రం తిరిగి రాలేదు! అంటే బిగువు ఒక్కటే చాలదన్నమాట. ఒక్క డబుల్ బాండ్ తేడాని ఆ ప్రోటీన్ గుర్తుపట్టిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

2021లో క్రయో ఈఎం (ప్రోటీన్‌ని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) బొమ్మలు వచ్చాక ఇంకాస్త స్పష్టమైంది. సెరోటోనిన్ 1ఏ రిసెప్టర్ పొరని ఏడుసార్లు దాటుతుంది కదా, ఆ ఏడు హెలిక్సుల (మరచుట్టలా తిరిగిన ముక్కల) చుట్టూ కొలెస్ట్రాల్ అణువులు అంటుకుని కనిపించాయి, మానసిక జబ్బులకి ఇచ్చే అరిపిప్రజోల్ మందు కూర్చునే గుంట ఆకారంలో కూడా వాటి చెయ్యి ఉందని తేలింది. జీ ప్రోటీన్ వచ్చి కలిసే చోట పీఐ4పీ అనే ఇంకో లిపిడ్ (కొవ్వు జాతి అణువు) దొరికింది. అలాగని పొర మొత్తం గుణానికి ఏ విలువా లేదనుకోవద్దు, రెండూ కలిసే పనిచేస్తాయి, ఏ రిసెప్టర్‌కి ఏది ఎంత అన్నది దేనికది విడిగా చూడాల్సిందే. కాన్పులో పనిచేసే హార్మోన్ ఆక్సిటోసిన్ రిసెప్టర్‌కీ కొలెస్ట్రాల్ తప్పనిసరి, వీలైతే దాని మీద 1997 నుంచి వచ్చిన పేపర్లు తీసి చదువు.

ఆ పిల్లల గురించి ఇంకో మాట. వాళ్లకి ఆహారంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఇస్తారు, ఒంటి ఎదుగుదలకి కొంత సాయపడుతుంది, కానీ మెదడు దాకా చేరదు. పైన ఖమ్మం అమ్మగారికి చెప్పిన అడ్డుగోడే ఇక్కడా అడ్డం. ఈ కుటుంబాలకి అదే పెద్ద కష్టం.

ప్రశ్న: అయితే నెయ్యి, గుడ్డు పచ్చసొన ఎక్కువ తింటే మెదడుకి మంచిదా?
ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అందులోని కొలెస్ట్రాల్ మెదడులోకి పోదండీ. తిండి నుంచి మెదడు పొరల్లోకి వెళ్లే కొవ్వు డీహెచ్ఏ, ఒమేగా 3 రకం. అవిసె గింజల్లో ఉండేది దాని ముడిసరుకే, మన ఒంట్లో అది డీహెచ్ఏగా మారేది చాలా కొంచెం. చేపలు తినేవాళ్లయితే వారానికి రెండుసార్లు కానాగంతలో కవళ్లో పులుసు పెట్టుకోండి, తినని వాళ్లకి సూక్ష్మమైన నాచు (మైక్రో ఆల్గే) నుంచి తీసిన క్యాప్సూల్స్ దొరుకుతాయి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే క్యాప్సూల్స్ మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగండి.