సినిమాలు తీస్తానంటున్న అమ్మాయి, పెళ్లికని దాచిన డబ్బు

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం. తనే కథలు రాసుకుని ఇండిపెండెంట్ సినిమాలు తీస్తానంటోంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపాలా, హైదరాబాద్‌లో ప్రైవేటు కోర్సులో చేర్చాలా, ఎవరైనా దర్శకుడి దగ్గర అసిస్టెంట్‌గా పెట్టాలా? ఫీజు కట్టాలంటే ఆమె పెళ్లికని దాచింది తీయాలి.

జవాబు: అమ్మా, మీరు అడిగింది మూడు దారుల గురించి. మీ టెన్షన్ మాత్రం చివరి వాక్యంలో ఉంది. డబ్బు పోయి, పిల్ల నిలదొక్కుకోక, సంబంధాలూ రాకపోతే ఎలా అని. ఆడపిల్లల తల్లులు నన్ను అడిగేది దాదాపు ఇదే.

ఒక మాట సూటిగా చెబుతాను. మీ ఉత్తరంలో ఫీజు ఉంది, పెళ్లి ఉంది. అమ్మాయి ఏం రాసిందో ఒక్క ముక్క లేదు. చదవకుండా ఆపడం ఎంత తప్పో, చదవకుండా లక్షలు కట్టడమూ అంతే తప్పు. ఈ ఆదివారం టీవీ కట్టేసి ఆమెతో కథ మొత్తం చెప్పించుకోండి. రేపు నిర్మాతల ఎదుట కూర్చుని ఆమె చేయాల్సిన నరేషన్ అదే.

ఇక ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్, తర్వాత తక్కువ బడ్జెట్‌లో సినిమా, దాన్ని ఓటీటీకి అమ్మడం అనే దారి. ఇప్పుడు పిల్లలందరి నోటా ఇదే, నాకు మాత్రం దీని మీద నమ్మకం తక్కువ. షూటింగ్ చవకైన మాట నిజమే. డీఐ (రంగులు సరిచేసే పని), సౌండ్ మిక్సింగ్, సెన్సార్, థియేటర్లలో సినిమా వేయడానికి కట్టే డిజిటల్ ఛార్జీలు, పబ్లిసిటీ అలా చవక కాలేదు. పేరున్న నటులు లేని సినిమాను ఓటీటీలు ముందే డబ్బిచ్చి కొనడం అరుదు. ఎంతసేపు చూశారో లెక్కగట్టి ఇస్తామనే ఒప్పందాలే చిన్న సినిమాలకు ఎక్కువగా దొరుకుతాయి. మన గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్లను అడగండి, స్టార్ లేని సినిమాకు కృష్ణా, గుంటూరు ఏరియాల్లో ఎన్ని షోలు దక్కుతాయో చెబుతారు.

అందరూ 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' పేరు చెబుతారు. ఎక్కువగా విశాఖలోని ఆ కంచరపాలెం వాళ్లతోనే తీసిన మంచి సినిమా. అయితే దానికి డబ్బు పెట్టింది అమెరికాలో డాక్టరుగా ఉన్న నిర్మాత, విడుదలకు సురేష్ ప్రొడక్షన్స్ అండ దొరికింది. ఇది పిల్లలకు ఎవరూ చెప్పరు. అందుకే పెళ్లి డబ్బే కాదు, ఇంటి డబ్బు ఏదీ సినిమా తీయడంలో పెట్టకండి.

పుణె, కోల్‌కతా ప్రభుత్వ సంస్థల్లో దర్శకత్వం, స్క్రీన్‌ప్లే కలిపి నేర్పే 3 ఏళ్ల కోర్సుకు ఏ డిగ్రీ అయినా చాలు. సీట్లు కొద్దే. ప్రవేశ పరీక్ష రాయనివ్వండి, సీటు వస్తే పంపండి. ప్రైవేటు కోర్సుకు మాత్రం పెళ్లికని దాచింది తీయొద్దు, సర్టిఫికెట్ చూసి ఎవరూ సినిమా ఇవ్వరు. అసిస్టెంట్‌గా చేరితే పని వస్తుంది, కానీ మొదట్లో చేతికొచ్చేది దాదాపు రోజువారీ బత్తానే.

నన్నడిగితే రాయడం ఆపకుండా ఎడిటింగ్ నేర్చుకోమంటాను. పెళ్లి వీడియోలు, యాడ్స్, యూట్యూబ్ ఛానళ్ల పని విజయవాడలోనే దొరుకుతుంది. మొదటి కథ ఎవరికీ నచ్చకపోయినా, తన ఖర్చు తాను పెట్టుకోగలిగితే రెండోది రాసేదాకా నిలబడుతుంది. బీకాం కూడా వృథా కాదు, లెక్కలు తెలిసినవాళ్లు ప్రొడక్షన్ ఆఫీసులకు కావాలి. కథ ఎవరికైనా పంపే ముందు మాత్రం రిజిస్టర్ చేయించాలి.

భద్రత గురించి మీరు రాయలేదు కానీ భయం ఉంటుంది. 2013 చట్టం ప్రకారం 10 మంది, ఆపైన పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. చేరేముందే దాని గురించి అడగమనండి. సమాధానం దాటేసే చోట చేరొద్దు.

ఆడపిల్లలు దర్శకత్వం చేయగలరా అని బంధువులు అడిగితే, విజయనిర్మల గారు 40కి పైగా సినిమాలు తీసి గిన్నిస్‌లోకి ఎక్కారని చెప్పండి. డిగ్రీ అయ్యాక రెండేళ్లు గడువు పెట్టుకోండి. ఆ రెండేళ్లూ సంబంధాల మాట ఎత్తకండి, మీ అక్కచెల్లెళ్లనూ ఎత్తనివ్వకండి. ఆమె ఒప్పుకుంటే పూర్తయిన కథ ఒకటి నాకు పంపించండి. చదివాక పుణె పరీక్షకు ఎలా సిద్ధం కావాలో ఆమెతోనే మాట్లాడతాను.