అప్పు చేసి కొన్న రవివర్మ పటం పెట్టుబడి అవుతుందా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. హైదరాబాద్ కొంపల్లిలో ఫ్లాట్ కొనుక్కుని ఈ మధ్యే గృహప్రవేశం చేశాం. నెలకు ₹1,05,000 జీతం చేతికి వస్తుంది. ఇంటి రుణ వాయిదా ₹46,000, ఇంటి ఖర్చులు ₹34,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది) ₹10,000. పాప పుట్టాక మా ఆవిడ ఉద్యోగం మానేసింది. హాల్లో పెట్టుకోవడానికి రవివర్మ ప్రెస్‌లో అచ్చయిన పాత పటాలు నాలుగు చూసి ₹10,000 అడ్వాన్స్ ఇచ్చాం. మొత్తం ధర ₹2,40,000. అయిదేళ్లలో ఇవి రెట్టింపు అవుతాయని వ్యాపారి అంటున్నారు. అవే బొమ్మల నకళ్లు ఫ్రేములతో సహా ₹14,000కే దొరుకుతున్నాయి. ఒరిజినల్స్ కోసం 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవడం మంచిదా, లేక ₹1,60,000 ఎఫ్‌డీని రద్దు చేసి మిగతాది క్రెడిట్ కార్డు ఈఎంఐలో కట్టడం మంచిదా?

జవాబు: రెండూ వద్దు. ప్రస్తుతానికి నకళ్లు కొనుక్కోండి. గృహప్రవేశమైన ఏడాదిలోపు ఇంటి అలంకరణకు పర్సనల్ లోన్ తీసుకుని, ఆ ఖర్చును పెట్టుబడి అని సర్దిచెప్పుకునే కుటుంబాలు నా దగ్గరికి తరచుగా వస్తుంటాయి కాబట్టే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

మీ లెక్కలో అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది పటాల ధర కాదు, ఆ ఎఫ్‌డీ. మీ ఇంట్లో ఇప్పుడు సంపాదించే వ్యక్తి ఒక్కరే. వాయిదా, ఇంటి ఖర్చులు కలిపితే నెలకు ₹80,000 తప్పనిసరిగా కావాలి. అంటే ఆరు నెలల అత్యవసర నిధి ₹4,80,000 ఉండాలి. మీ దగ్గర ఉన్నది సరిగ్గా రెండు నెలలకు సరిపోతుంది. రేపు ఉద్యోగం పోయి మూడో నెల వాయిదా తప్పితే, హాల్లో వేలాడే లక్ష్మీ సరస్వతులను ఆ వారంలోనే మంచి ధరకు కొనేవారు దొరకరు. అలాంటి పాత అచ్చు పటాలకు కొనుగోలుదారులు కొద్దిమందే ఉంటారు, వారూ బేరం తెలిసినవారు. అమ్మేవాడి అవసరాన్ని ముఖం చూసి పసిగట్టి ధర చెబుతారు.

మీకు నెలకు ₹15,000 మిగులుతోంది. దాన్ని ముట్టుకోకుండా పక్కన పెడితే లోటుగా ఉన్న ₹3,20,000 దాదాపు 22 నెలల్లో పూడుతుంది. అడ్వాన్స్ పోను మిగిలిన ₹2,30,000కు పర్సనల్ లోన్ తీసుకుంటే నెలకు సుమారు ₹7,900 దానికే పోయి, అదే నిధి సమకూరడానికి దాదాపు మూడున్నరేళ్లు పడుతుంది. వడ్డీ రూపంలో పోయేది సుమారు ₹53,000. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. ఎఫ్‌డీ రద్దు చేసి మిగతాది కార్డు మీద వేయాలన్న ఆలోచన ఇంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే అందులో ఉన్న ఆ కాస్త నిధీ పోతుంది, పైగా అప్పూ మిగులుతుంది. దయచేసి ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి.

ఇక రెట్టింపు సంగతి. రవివర్మ స్వయంగా గీసిన తైలవర్ణ చిత్రాలు వేలంలో కోట్లు పలకడం చూసి, ఆయన పేరున్న ప్రతి కాగితానికీ అదే విలువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. 1894లో బొంబాయిలో మొదలై, తర్వాత లోనావాలా దగ్గరి మలావ్లికి తరలిన రవివర్మ ప్రెస్ స్థాపన ఉద్దేశమే ఆ బొమ్మలను విరివిగా అచ్చువేసి సామాన్యుల ఇళ్లకు చేర్చడం. కాబట్టి ధరను నిర్ణయించేది అరుదుదనం కన్నా పటం స్థితి. అంచులు కత్తిరించి ఫ్రేములో ఇరికించారా, తేమ మరకలు ఉన్నాయా, పురుగు తిన్నదా, ప్రెస్ పేరున్న అడుగు అంచు మిగిలి ఉందా అన్నవి ముందు చూడాలి. ఫ్రేములోంచి తీయించి భూతద్దంతో పరిశీలిస్తే, రాతి పలకతో అచ్చువేసిన పాత పటంలో రంగు క్రమం లేని పలుకులుగా కనబడుతుంది. ఆధునిక ఆఫ్‌సెట్ నకలులో క్రమంగా వరుసల్లో పేర్చిన చుక్కలు కనబడతాయి. టీ డికాక్షన్ పూసి కాగితానికి వయసు తెచ్చే వాళ్లూ ఉన్నారు. ఫ్రేము విప్పడానికి ఒప్పుకోని వ్యాపారి దగ్గర నేనైతే ఒక్క రూపాయి కూడా పెట్టను.

నకలు అంటే చిన్నచూపు అక్కర్లేదు. రవివర్మ 1906లో మరణించారు కాబట్టి ఆయన చిత్రాలపై కాపీరైట్ ఏనాడో ముగిసింది. నకళ్లు అచ్చువేయడం చట్టసమ్మతమే. ఎండపడే గోడకూ, చిన్నపిల్ల తిరిగే హాలుకూ అవే మేలు.

ఒరిజినల్ కొనే రోజు వచ్చినప్పుడు మూడు విషయాలు ముందే తెలుసుకోండి. భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో కళాఖండాలను ముందే అంగీకరించిన విలువకు ఐచ్ఛిక కవరు కింద చేర్పించుకోవాలి. మొత్తం ₹5 లక్షలకూ, ఒక్కో వస్తువు ₹1 లక్షకూ మించకపోతే విలువ నిర్ధారణ పత్రం అడగరు. అయితే అందులో మామూలు దొంగతనానికి రక్షణ ఉండదు, దానికి వేరే పాలసీ కావాలి. అమ్మినప్పుడు వచ్చే లాభంపై పన్ను ఉంటుంది. రెండేళ్లు దాటాక అమ్మితే 12.5 శాతం. నూరేళ్లు దాటిన కళాఖండం పురావస్తువు కింద వస్తుంది కాబట్టి, విదేశాల్లో ఉన్న మీ బంధువులకు కానుకగా పంపే ఆలోచన ఉంటే భారత పురావస్తు శాఖ నియమాలు అడ్డువస్తాయి. ఈ మూడింటిలో ఒక్కటీ వ్యాపారి మీకు చెప్పి ఉండడని నా అనుమానం.

మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ (జీవిత బీమా), సొంత ఆరోగ్య బీమా ప్రస్తావన లేదు. కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి, ఒకవేళ ఇవి లేకపోతే నిధిలో వేసే ₹15,000లోంచే ముందు వీటి ప్రీమియం కట్టండి. నిధి నిండడానికి మరికొన్ని నెలలు పట్టినా ఫరవాలేదు.

ఇచ్చిన ₹10,000 అడ్వాన్స్‌ను తిరిగి అడగండి. ఇవ్వనంటే, రెండేళ్ల తర్వాత మీరు కొనబోయే ఒక్క పటానికి సర్దుబాటు చేస్తామని రసీదు మీద రాయించుకోండి. అదీ కుదరకపోతే ఆ ₹10,000 వదిలేయండి. లోన్ తీసుకుంటే కట్టాల్సిన ₹53,000 వడ్డీలో అది అయిదో వంతు కూడా కాదు.